శవాసనంలో రైలు కూత: తాల్‌బగీచాలో ఒక చిన్న హాస్యచిత్రం తీయాలంటే

2025 జూన్ 21న విశాఖపట్నం ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా చాపలు పరిచి లక్షలమంది ఆసనాలు వేశారు. ఆ తేదీని అంతర్జాతీయ యోగా దినంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో తీర్మానం చేసింది. 2015 నుంచి ఏటా యోగా దినం జరుగుతోంది. ఈ పదేళ్లలో యోగా మన ఇళ్లలో, వీధుల్లో స్థిరపడిపోయింది. అపార్ట్‌మెంటు మేడ మీద క్లాసు, కల్యాణమండపంలో శిబిరం, ఆఫీసులో భోజనానికి ముందు పావుగంట ప్రాణాయామం, ఫోన్లో యాప్, ఆ యాప్‌లో నెలసరి చందా. ఇంత జరిగినా తెలుగు సినిమాలో యోగా క్లాసు ఇంకా రెండు నిమిషాల కామెడీ బిట్టు దగ్గరే ఆగిపోయింది. లావుపాటి మనిషి వంగలేక పక్కవాడి మీద పడతాడు, హీరో హీరోయిన్‌ని చూడటానికి చాప తెచ్చుకుంటాడు, సీను అయిపోతుంది.

యోగా సంస్కృతి మీద నిండు నిడివి హాస్యచిత్రాన్ని తక్కువ డబ్బుతో, పెద్ద నిర్మాణ సంస్థ అండ లేకుండా తీయడం సాధ్యమేనా? ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలాంటి చోట, అక్కడి తెలుగువాళ్లతో తీయవచ్చా? తీస్తే ఎవరిని చూసి నవ్వాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి? ఇప్పటిదాకా జరిగిన ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే. ఈ సినిమా తీయవచ్చు, కానీ ఆ పేట మనుషుల మాటను, ఆ పేట చప్పుడును నమ్ముకుంటేనే. హైదరాబాద్ నుంచి జోకులు రాసుకుని వెళ్తే కుదరదు.

చోటు సంగతి ముందు చూద్దాం. ఖరగ్‌పూర్ రైల్వే పుట్టించిన ఊరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్–నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టింది, వర్క్‌షాప్ పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేల కుటుంబాలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు, ఖలాసీలు, గుమాస్తాలు వచ్చారు. వాళ్ల వెనక వంటవాళ్లు, పూజారులు, బడిపంతుళ్లు వచ్చారు. మూడు నాలుగు తరాలు దాటినా ఇళ్లలో తెలుగు మాట నిలిచింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారిక గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించిందంటే దాని వెనక ఉన్నది ప్రధానంగా ఈ ఊరి తెలుగువాళ్లే. తాల్‌బగీచా ఈ ఊళ్లో ఐఐటీ ఉన్న వైపు పేట. బెంగాలీ కుటుంబాలు, రైల్వే పింఛనుదారులు, ఐఐటీలో పనిచేసేవాళ్లు, పక్క వీధిలో తెలుగు ఇల్లు, ఆ పక్కన ఒడియా ఇల్లు. హాస్యచిత్రానికి ఇంతకన్నా కావలసిన దినుసు లేదు. ఒకరి పద్ధతి ఇంకొకరికి వింతగా కనిపించేంత తేడా ఉంది. పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పనంత దగ్గరతనమూ ఉంది.

ఈ ఊరిని నడిపిన రైల్వేకీ యోగాకీ బంధుత్వం చాలా పాతది. దాన్ని ఎవరూ సినిమాగా వాడుకోకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ‘ఒక యోగి ఆత్మకథ’ రాసిన పరమహంస యోగానంద తండ్రి భగవతీచరణ్ ఘోష్ బెంగాల్–నాగపూర్ రైల్వేలో పెద్ద ఉద్యోగి. 1946లో వచ్చిన ఆ పుస్తకం మొదట్లోనే ఒక రైల్వే ఆఫీసు కథ ఉంది. అవినాష్‌బాబు అనే ఉద్యోగి కాశీలో తన గురువు లాహిరీ మహాశయుల దర్శనానికి వారం రోజులు సెలవు అడుగుతాడు. పై అధికారి భగవతిగారు ససేమిరా అంటారు. భక్తి పిచ్చి మానేసి ఆఫీసు పని చూసుకుంటే పైకి వస్తావని హితబోధ కూడా చేస్తారు. ఆ సాయంత్రం అవినాష్‌బాబు దిగాలుగా నడిచి ఇంటికి పోతుంటే పల్లకీలో వస్తున్న అధికారి దిగి పక్కనే నడుస్తూ మళ్లీ అదే బోధ మొదలుపెడతారు. ఇంతలో పొలంలో లాహిరీ మహాశయులు ప్రత్యక్షమై, ఉద్యోగి పట్ల ఇంత కఠినంగా ఉండకూడదని అధికారిని మందలించి మాయమవుతారు. సెలవు మంజూరవుతుంది. అంతటితో ఆగక అధికారి, ఆయన భార్య కూడా అదే రైలెక్కి కాశీ పోయి దీక్ష తీసుకుంటారు.

నమ్మేవాళ్లకు ఇది మహిమ. సినిమా తీసేవాడికి సెలవు కోసం తంటాలు పడే రైల్వే ఉద్యోగి కథ. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఎవరికైనా ఆ సెలవు చీటీ బరువు తెలుసు. భక్తిని ఎక్కడా గాయపరచకుండా నవ్వు ఎలా పుడుతుందో ఈ చిన్న కథ చూపిస్తుంది. మహిమ మహిమగానే ఉంటుంది. మనం నవ్వేది పల్లకీ దిగి మరీ ఉపన్యాసం ఇచ్చే పై అధికారిని చూసి.

యోగానంద తమ్ముడు బిష్ణుచరణ్ ఘోష్ కలకత్తాలో వ్యాయామ, యోగ శిక్షణ సంస్థ నడిపారు. ఆయన శిష్యుడు బిక్రమ్ చౌధురి అమెరికా వెళ్లి, దాదాపు 40 డిగ్రీల వేడి గదిలో 26 ఆసనాల క్లాసు పెట్టి కోట్లు గడించాడు. మే నెలలో ఖరగ్‌పూర్ ఎర్రమట్టి మీద ఆ వేడి ఊరికే దొరుకుతుంది. ఇది సినిమాలోని ఒక పాత్రకు తట్టాల్సిన వ్యాపార ఆలోచన. మన ఉత్తరాంధ్ర వైపునా ఇలాంటి వారసత్వం ఉంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని, గొలుసులు తెంచి, దాన్నంతా ప్రాణాయామ బలమని చెప్పి ఊరూరా ప్రదర్శించారు. శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన ఇంట్లో గోడ మీద ఆయన పటం, పక్కన కొడుకు కొన్న విదేశీ యోగా మ్యాట్ కనిపిస్తే చాలు, రెండు తరాల తేడా మాట లేకుండానే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎవరిని చూసి నవ్వాలి?

తెలుగులో దీనికి గట్టి పునాది ఉంది. వేమన స్వయంగా యోగి. వేషాల యోగాన్ని ఆయన ఎండగట్టినంతగా బయటివాళ్లెవరూ ఎండగట్టలేదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో సారాదుకాణం దగ్గర చేరి మహిమలు చెప్పే బైరాగి ఉన్నాడు. ఆ బైరాగి ఒక్కడే నవ్వులపాలు కావడు. అతని మాటలకు నోరు తెరిచే చుట్టుపక్కలవాళ్లూ మనకు నవ్వు తెప్పిస్తారు. 1947లో కె.వి.రెడ్డి నాగయ్యతో తీసిన ‘యోగి వేమన’ గంభీరమైన సినిమా. ఆ యోగిలోని వెటకారాన్ని పట్టుకునే హాస్యచిత్రం ఇంకా రావాల్సే ఉంది.

బెంగాల్‌లో ఈ ప్రశ్నకు సత్యజిత్ రాయ్ 1965లోనే ‘మహాపురుష్’తో జవాబు చెప్పారు. రాజశేఖర్ బసు ‘పరశురామ్’ పేరుతో రాసిన కథ దీనికి ఆధారం. బిరించిబాబా అనే స్వామి కాలం తన చేతిలో ఉందంటాడు. ప్లేటోతో వాదించానంటాడు, ఐన్‌స్టీన్‌కు పాఠం చెప్పానంటాడు. భూతభవిష్యత్తులను అర్థం చేయించడానికి రెండు చూపుడువేళ్లను ఒకదానికొకటి ఎదురుదిశల్లో తిప్పి చూపిస్తాడు. చూస్తున్న పెద్దమనుషులు తామూ తిప్పబోయి తికమకపడతారు. ఆ వేళ్ల సీనుకు సెట్టు అక్కర్లేదు, ట్రిక్కు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. థియేటర్లో కూర్చున్న ప్రతివాడి వేళ్లూ వాటంతటవే కదులుతాయి. ప్రేక్షకుడి ఒంటిని సీనులోకి లాగేయడమే దాని రహస్యం. యోగా మీద హాస్యచిత్రం తీసేవాళ్లు పదేపదే చూడాల్సిన సీను అది. గంటకు కాస్త పైన ఉన్న ఆ చిత్రం చాలావరకు నాలుగు గదుల్లోనే నడుస్తుంది. రాయ్ నవ్వు కూడా దొంగ బాబా దగ్గర ఆగదు. చదువుకున్నవాళ్లు, వకీళ్లు, డబ్బున్నవాళ్లు ఎందుకు వెళ్లి కాళ్ల మీద పడతారన్నదే అసలు విషయం.

ఆ తరవాత వచ్చిన వాటిలో చాలా సినిమాలు బాబాను పట్టుకోవడంతో తృప్తి పడ్డాయి. హిందీ ‘ఓ మై గాడ్’, దాన్ని తెలుగు చేసిన ‘గోపాల గోపాల’, ఆమిర్‌ఖాన్ ‘పీకే’ కోర్టులో, టీవీ స్టూడియోలో వాదించి గెలిచే సినిమాలు. అవి బాగా ఆడాయి. వాటి బలం మాత్రం పెద్ద తారలు, పెద్ద సెట్లు. చిన్న సినిమా ఆ దారిలో వెళ్తే రెండో రోజే చేతులెత్తేస్తుంది. పైగా దొంగస్వామి కథ అరిగిపోయింది. తెర మీద కాషాయం కనిపించగానే ప్రేక్షకుడు ముగింపు ఊహించేస్తున్నాడు.

అమెరికాలో విక్రమ్ గాంధీ తీసిన ‘కుమారే’ డాక్యుమెంటరీ (2011) వేరే దారి పట్టింది. న్యూజెర్సీలో పెరిగిన ఈ కుర్రాడు గడ్డం పెంచి, అమ్మమ్మ యాసలో ఇంగ్లిషు మాట్లాడుతూ, అరిజోనాలో లేని ఆసనాలు, లేని మంత్రాలు నేర్పుతూ నిజం గురువులా తిరిగాడు. శిష్యులు చేరారు. చివరికి తానెవరో బయటపెట్టాడు. కొందరు లేచి వెళ్లిపోయారు, చాలామంది అతనితోనే ఉన్నారు. చూడటానికి మొదలుపెట్టేది ఎగతాళిగా, ముగించేసరికి ఆ శిష్యుల బతుకుల మీద గౌరవంతో. నిజం మనుషులను మోసగించి నవ్వు రాబట్టే ఆ పద్ధతి నాకు సమ్మతం కాదు. తాల్‌బగీచాలాంటి చిన్న పేటలో అయితే అది పాపమే. సినిమా అయిపోయాక కూడా అక్కడే బతకాలి. కానీ యోగా క్లాసుకు వచ్చేవాడు మూర్ఖుడు కాదు, ఏదో బాధతో వచ్చినవాడు అన్న ఎరుక ఆ సినిమాలో ఉంది. అది మాత్రం తీసుకోవాలి.

నడుంనొప్పితో వచ్చిన పెద్దావిడ, భర్త పోయాక ఇంట్లో ఉండలేక వచ్చిన అత్తగారు, షుగరు తగ్గుతుందేమోనని వచ్చిన టికెట్ కలెక్టరు, వీళ్లను చూసి నవ్వకూడదు. వీళ్లతో కలిసి నవ్వాలి. ఎదురు నిలవాల్సింది యోగా చుట్టూ పెరిగిన వ్యాపారం, బడాయి. రెండు వారాల కోర్సుకు సర్టిఫికెట్టు, ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము. ఫొటో తీసేదాకా ఆసనం, ఫొటో అయ్యాక టిఫిను. కేన్సరు దగ్గర్నుంచి కోర్టు కేసుల దాకా అన్నీ నయమవుతాయని కరపత్రాలు. ఇలాంటి ప్రకటనలను అరికట్టడానికి 1954 నుంచే మందులు, మాయావైద్యాల ప్రకటనల చట్టం ఉంది. అయినా కరపత్రం ఆగలేదు. వీటిని నవ్వి పారేస్తే యోగాకు నష్టం లేదు, మేలే. రోజూ పొద్దున మౌనంగా సాధన చేసుకునేవాడు ముందుగా నవ్వుతాడు.

తక్కువ డబ్బు విషయంలో మన ముందున్నవాళ్లు చాలా నేర్పారు. నగేశ్ కుకునూర్ ఇంజినీరుగా సంపాదించిన సొమ్ముతో ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) తీశారు. 17 రోజుల్లో, 17 లక్షల్లో పూర్తి చేశారు. ఇంగ్లిషు, తెలుగు, హిందీ కలగలిసిన ఊరి మాటను శుద్ధి చేయకుండా వదిలేయడం ఆ సినిమా ప్రాణం. మాలేగావ్‌లో షేక్ నాసిర్ మరమగ్గాల కార్మికులతో ‘షోలే’ను తిరిగి తీశాడు. సుమారు 50 వేల రూపాయల్లో పని ముగించాడని చెబుతారు. ఎడ్లబండి వాళ్లకు క్రేను, సైకిలే ట్రాలీ. మగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడ్డవాడు సాయంత్రం సూపర్‌మన్ అవుతాడు. వాళ్ల మీద ఫైజా అహ్మద్ ఖాన్ తీసిన డాక్యుమెంటరీ చూస్తుంటే నవ్వూ వస్తుంది, గొంతూ పట్టుకుంటుంది. ఆ ఊరు బయటి ప్రేక్షకుడి కోసం తీయలేదు, తన వీడియో పార్లర్ కోసం తీసుకుంది. అందుకే అందులో బడాయి లేదు.

తెలుగులో ఈ చర్చకు కేంద్రం ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018). వెంకటేశ్ మహా విశాఖలోని ఆ పేటకు వెళ్లి, పేట మనుషులనే నటులుగా తీసుకున్నారు. కెమెరా ముందు ఎప్పుడూ నిలబడనివాళ్లు వాళ్లలో ఎక్కువ. అమెరికాలో గుండె డాక్టరుగా పనిచేసే ప్రవీణ పరుచూరి డబ్బు పెట్టారు, ఒక పాత్రా వేశారు. సినిమా పూర్తయ్యాకనే రానా, సురేశ్ ప్రొడక్షన్స్ అండ దొరికింది. ముందు అండ కోసం ఎదురుచూసి ఉంటే ఆ సినిమా ఉండేది కాదు. నలభై తొమ్మిదేళ్లు వచ్చినా పెళ్లికాని ఆఫీసు అటెండరు రాజు పాత్ర వేసిన సుబ్బారావును గమనించండి. ఆయన నటించినట్టు అనిపించదు, నడిచినట్టు అనిపిస్తుంది. ఉత్తరాంధ్ర పేటలోని ఆ నడక, ఆ మాట ఖరగ్‌పూర్ తెలుగు వీధుల్లోనూ ఉంది. కంచరపాలెం నుంచి తాల్‌బగీచాకు దారి దూరమే గానీ మాట దూరం కాదు.

ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ (2021) సినిమా తీయడం గురించే సినిమా. ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరికిన డ్రైవరు ఊరివాళ్లతో సినిమా మొదలుపెడతాడు. రాజ్–డీకే నిర్మించారు, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. యోగా సినిమా తీసే కుర్రాళ్లు దీన్ని అనుకరించే ప్రమాదం ఉంది. షూటింగు తిప్పలనే కథగా పెట్టుకోవడం తేలికగా తోస్తుంది. వద్దని నా సలహా. ఆ పని అయిపోయింది, బాగా అయిపోయింది.

ఖరగ్‌పూర్‌కు తనదైన ఉదాహరణ ఇంకొకటి ఉంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ నుంచి వచ్చిన అరుణాభ్ కుమార్, బిశ్వపతి సర్కార్, జితేంద్ర కుమార్ టీవీఎఫ్ అనే యూట్యూబ్ చానెల్ హాస్యాన్ని దేశమంతా చూసేలా చేశారు. వాళ్లలో బిశ్వపతి, జితేంద్ర క్యాంపస్ నాటకాల్లో కలిసిన కుర్రాళ్లు. ‘పంచాయత్’ వెబ్ సిరీస్‌లో కార్యదర్శిగా కనిపించే జితేంద్ర నవ్వించడానికి ఏమీ చేయడు. చిరాకును లోపల దాచుకుంటాడు, అంతే. క్యాంపస్‌లో పుట్టిన ఆ హాస్యం గోడ దాటి పక్కనే ఉన్న పేటల్లోకి, ముఖ్యంగా తెలుగు ఇళ్లలోకి రాలేదు. గోడకు ఇవతల కూడా అంత సరుకు ఉంది.

ఇక పనిలోకి దిగుదాం. యోగా సినిమా అంటే సగం సీన్లు పొద్దుటివే. ఖరగ్‌పూర్ తూర్పున ఉంది కాబట్టి జూన్‌లో ఐదు కొట్టేసరికి తెల్లారిపోతుంది. మెత్తని వెలుతురు గంట, గంటన్నర. ఏడు దాటితే ముఖాల మీద నీడలు కరుకైపోతాయి. అంటే మైదానం సీన్లకు రోజుకు రెండు మూడు షాట్లకు మించి లెక్క వేసుకోకూడదు. మధ్యాహ్నాలు ఇళ్లలో, వరండాల్లో తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో కాలవైశాఖి గాలివాన ఏ సాయంత్రం వస్తుందో తెలియదు. దుర్గాపూజ రోజుల్లో వీధి దొరకదు. డిసెంబరు, జనవరి మంచిది. పొగమంచు ఊరికే వస్తుంది, మంకీ టోపీ పెట్టుకుని సూర్యనమస్కారం చేసే పెద్దాయనా ఊరికే వస్తాడు.

ధ్వని దగ్గర నేను మొండిగా ఉంటాను. చిన్న సినిమాలు చెడిపోయేది బొమ్మ దగ్గర కాదు, మాట దగ్గర. షాన్ బేకర్ ‘టాంజరిన్’ (2015)ను ఐఫోన్ 5ఎస్‌లతో తీశాడని అందరూ చెప్పుకుంటారు, మాటలకు విడిగా మంచి మైకు, సౌండు మనిషి ఉన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. తెలుగులో ‘పెళ్లిచూపులు’ (2016) సింక్ సౌండుతో, అంటే షూటింగులోనే రికార్డు చేసిన మాటలతో, వచ్చినప్పుడు జనం ఎందుకు కొత్తగా ఉందన్నారు? పాత్రలు ఊపిరి తీసుకోవడం వినపడింది కాబట్టి. యోగా సినిమాలో ఊపిరే సగం డైలాగు. దాన్ని డబ్బింగ్ థియేటర్లో పెట్టలేం.

కానీ ఖరగ్‌పూర్‌లో సింక్ సౌండ్ అంటే యుద్ధమే. ఇటు జంక్షన్, అటు హిజ్లీ స్టేషను, పైన కలైకుండా వైమానిక స్థావరం నుంచి లేచే యుద్ధవిమానాలు. ఇంకో ఊరివాడైతే లొకేషను మార్చుకుంటాడు. ఇక్కడివాడు కథ మార్చుకోవాలి. ఈ సీను చూడండి: పేట మైదానంలో శవాసనం. గురువుగారు మంద్రంగా, కాలి బొటనవేలు వదులు చేయండి, మోకాలు వదులు చేయండి, అంటున్నారు. దూరంగా కూత. కళ్లు మూసుకుని పడుకున్న రిటైర్డు గార్డు కదలకుండానే, ‘ఫలక్‌నుమా. ఇయ్యాల లేటు,’ అంటాడు. పక్క చాప మీద రిటైర్డు డ్రైవరు కళ్లు తెరవకుండానే, ‘ఫలక్‌నుమా కాదురా, గూడ్సు. కూత ఇనిపిస్తల్లేదేటి?’ గురువుగారు తొడల దాకా వస్తారు. వాదన ఇంజిన్ నంబరు దాకా వస్తుంది. వెనక వరసలో బెంగాలీ మాస్టారు, ‘చుప్ కొరున్, దాదా!’ అంటాడు. చివరికి విమానం వచ్చి అందరి నోళ్లూ మూయిస్తుంది, గురువుగారితో సహా. ఈ సీనులో ఎవరూ పడిపోలేదు, ఎవరూ అవమానపడలేదు. వాళ్ల బతుకంతా ఆ చెవుల్లో ఉంది. దీనికి రైలును చూపించాల్సిన పని కూడా లేదు.

రైలును చూపించాలంటే అనుమతి, ఫీజు, భద్రతా సిబ్బంది అన్నీ కావాలి. గార్డెన్‌రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం దాకా కాగితం నడవాలి. జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) ఆధ్వర్యంలోని ఇండియా సినీ హబ్ (మునుపటి ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు) ద్వారా దరఖాస్తు చేసుకునే వీలుంది. చేసుకోండి, ఒక్క రోజుకే. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాన్ని (1,072 మీటర్లు) ధోనీ సినిమావాళ్లు బాగానే చూపించారు. ఆ రికార్డు గోరఖ్‌పూర్ మీదుగా ఇప్పుడు హుబ్బళ్లి చేతికి పోయింది. చిన్న సినిమాకు ప్లాట్‌ఫారం వైభవం అక్కర్లేదు. డ్రోను మాట అసలు ఎత్తకండి. వైమానిక స్థావరం పక్కన దాన్ని ఎగరేయడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

భాష విషయంలో మెత్తబడకూడదు. ఖరగ్‌పూర్ తెలుగువాడు ఒకే వాక్యంలో శ్రీకాకుళం యాసలో మొదలుపెట్టి, మధ్యలో రైల్వే హిందీ ఆడి, బెంగాలీతో ముగించగలడు. దాన్ని ‘అందరికీ అర్థమయ్యే తెలుగు’గా దిద్దారా, సినిమా చచ్చిపోతుంది. సబ్‌టైటిల్స్ వేసుకుంటే సరిపోతుంది. యోగా గురువు సంస్కృతంలో ‘అధోముఖ శ్వానాసనం’ అంటే, క్లాసులోని తెలుగు పిన్ని పక్కావిడకు, ‘కుక్క ఒళ్లు ఇరుచుకున్నట్టు ఒంగోమంతన్నారు,’ అని చెబుతుంది. ఆ పక్కావిడ దాన్ని బెంగాలీలో ఇంకొకావిడకు అందిస్తుంది. మూడు భాషలు దాటేసరికి మూడో వరసలో ఆసనం వేరే అయిపోతుంది. స్క్రిప్టు రాసేవాడు ముందుగా కొన్ని వారాలు అక్కడి అరుగుల మీద కూర్చుని వినాలి. పేటవాళ్లను అడిగి, వాళ్ల ఇష్టంతోనే రికార్డు చేసుకోవాలి.

నటుల ఒళ్లు కూడా జాగ్రత్త. అరవై దాటినవాళ్లతో శీర్షాసనం వేయించి నవ్వించబోతే మెడలు పోతాయి. నిజంగా ఏళ్ల తరబడి సాధన చేసిన ఒక మనిషి సెట్టులో ఉండి తీరాలి, నటుడిగానో సలహాదారుగానో. తప్పు ఆసనాన్ని సరదాగా చూపాలన్నా సరైన ఆసనం ఏదో తెలిసినవాడే చూపగలడు. రోజు కూలీ వదులుకుని వచ్చేవాళ్లకు ఆ కూలీ మొదటి రోజే ఇవ్వాలి. పేట సినిమా కదా, ఊరికే చేస్తారులే అన్న మాట ఎన్నో చిన్న సినిమాల్లో విన్నాను. అది దోపిడీ.

చట్టం సంగతి రెండు మాటల్లో. ఆసనాలు ఎవరి సొత్తూ కావు. బిక్రమ్ తన 26 ఆసనాల వరసకు కాపీరైటు ఉందని వేసిన కేసును 2015లో అమెరికా అప్పీలు కోర్టు కొట్టేసింది. ఏ ఆసనం చూపించడానికైనా ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాట అలా కాదు. క్లాసులో వినిపించే భజన క్యాసెట్టుకైనా హక్కుదారుడు ఉంటాడు. పేట భజన మండలితో కొత్తగా పాడించుకోవడమే చవక, అదే బాగుంటుంది కూడా. సెన్సారులో ఇప్పుడు యూఏకు 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. ఇలాంటి సినిమాకు యూ కోసమే రాసుకోవాలి. మతభావాలను గాయపరిచారన్న ఫిర్యాదుకు భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను ఉంది. నవ్వు వ్యాపారం మీద నిలిచి, దేవుడి జోలికి, సాధన జోలికి పోకపోతే భయపడాల్సింది తక్కువ. ఆ గీత భయంతో గీసుకునేది కాదు, మర్యాదతో గీసుకునేది.

చూపించడం ఎక్కడ? థియేటర్ల వెంట పడి ఉన్న డబ్బంతా పోస్టర్లకు పోగొట్టుకోవద్దు. మొదటి ఆట తాల్‌బగీచాలోనే, తెర కట్టి వేయాలి. తరవాత ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలు, విశాఖ, శ్రీకాకుళం, ఆపైన ఆహా, ఈటీవీ విన్ లాంటి ఓటీటీలు. ‘మెయిల్’ లాంటి ఊరి సినిమాకు ఆహా చోటిచ్చింది. ఖరగ్‌పూర్ తెలుగుకూ ఇస్తుందని అడగటానికి మొహమాటం అక్కర్లేదు.

ఖరగ్‌పూర్ తెలుగు కుర్రాళ్లకు నా విన్నపం ఇది. హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి తీస్తారని కూర్చోకండి. రైలు కూతను బట్టి బండి పేరు చెప్పగలిగే తరం పెద్దదైపోతోంది. వాళ్లతో మాట్లాడి ఈ చలికాలంలోపే స్క్రిప్టు పూర్తి చేయండి. డబ్బు చాలకపోతే లైట్లు తగ్గించండి, షూటింగ్ రోజులు తగ్గించండి, రెండో కెమెరా మానేయండి. సౌండ్ రికార్డిస్టును మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వదలకండి.